కంటి చుక్కలు: ఏ సీసా ఎందుకు? ఎలా వేసుకోవాలి?

ఎండలు ముదిరేకొద్దీ కళ్ళ గురించిన ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి చుక్కల మందుల గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు అడిగినవాటిని ఒకచోట చేర్చాం. చాలా ఉత్తరాల్లో ఒక మాట కనిపించింది: "మెడికల్ షాపులో కళ్ళెర్రకు చుక్కలడిగి తెచ్చుకున్నాం." కళ్ళెర్రకంటూ ఒక మందు లేదు. ఎర్రదనానికి కారణం బ్యాక్టీరియా కావచ్చు, వైరస్, ఫంగస్, ఎలర్జీ కావచ్చు, కంటి లోపలి వాపో పెరిగిన కంటి ప్రెషరో కావచ్చు. ఒకదానికి పనిచేసే సీసా ఇంకొకదానికి హాని చేస్తుంది. అది గుర్తుపెట్టుకుని కింది జవాబులు చదవండి.

ప్రశ్న (పటమట, విజయవాడ): మా అమ్మగారికి ఈమధ్యే శుక్లం ఆపరేషన్ అయింది. మూడు సీసాలు రాశారు: ఒకటి ఆరుసార్లు, ఒకటి నాలుగుసార్లు, ఒకటి మూడుసార్లు. మూడూ ఒకేసారి వేసేస్తే కుదరదా? చుక్క సగం బుగ్గ మీదికే కారిపోతోంది. అయిదు మిల్లీలీటర్ల సీసా వారానికే ఖాళీ అవుతోంది.

జవాబు: కుదరదు. కింది రెప్పకూ కనుగుడ్డుకూ మధ్యనున్న సందులో పట్టేదే సుమారు 30 మైక్రోలీటర్లు. అందులో 7 దాకా కన్నీరు ముందే ఉంటుంది. సీసా నుంచి జారే చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. అంటే ఒక్క చుక్కకే ఆ సందు నిండి పొర్లుతుంది, కాబట్టి బుగ్గ మీదికి కాస్త కారడం మామూలే. వెంటనే రెండో మందు వేస్తే మొదటిదాన్ని కడిగేస్తుంది. అందుకే సీసాకూ సీసాకూ మధ్య కనీసం అయిదు నిమిషాలు ఆగాలి.

సీసా లెక్క చూడండి. 5 మిల్లీలీటర్లలో దాదాపు 100 చుక్కలుంటాయి. ఒక కంట్లో రోజుకు ఆరుసార్లు వేస్తే వారానికి 42. అంటే సీసా రెండు వారాలు దాటి రావాలి. వారానికే అయిపోతోందంటే ప్రతిసారీ రెండు మూడు చుక్కలు పడుతున్నాయన్నమాట. అలా వేసినంత మాత్రాన మందు ఎక్కువ పనిచేయదు.

వేసే పద్ధతి ఇది. చేతులు సబ్బుతో కడుక్కోండి. అమ్మగారిని పడుకోబెట్టండి, లేదా కుర్చీలో తల వెనక్కి వాల్చి పైకి చూడమనండి. కింది రెప్పను చూపుడువేలితో బుగ్గ ఎముక వైపు మెల్లగా లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది. ఆపరేషన్ అయిన కన్ను కాబట్టి వేలి ఒత్తిడి ఎముక మీదే ఉండాలి, గుడ్డు మీద పడకూడదు. సీసాను రెండు సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుని ఆ జేబులో ఒక్క చుక్క వదలండి. నల్లగుడ్డు మీద వేయకండి, అక్కడ పడితే ఉలిక్కిపడి రెప్ప కొట్టేస్తారు. సీసా మూతి రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. తగిలితే అక్కడి క్రిములు సీసాలోకి చేరతాయి. వేశాక రెండు నిమిషాలు కన్ను మామూలుగా మూసి ఉంచమనండి. రెప్పలు టపటపా కొట్టినా, గట్టిగా బిగించినా మందు కన్నీటి నాళంలోకి, అక్కణ్ణుంచి ముక్కులోకి పోతుంది. గొంతులో చేదు తగిలిందంటే మందు దారి తప్పిందనే అర్థం.

ఇక మూడు సీసాల సంగతి. శుక్లం ఆపరేషన్ తర్వాత సాధారణంగా ఇచ్చేవి: మాక్సిఫ్లాక్సాసిన్ 0.5 శాతం లాంటి యాంటీబయాటిక్, ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ 1 శాతం లాంటి స్టెరాయిడ్, నెపాఫెనాక్ లాంటి స్టెరాయిడ్ కాని వాపు మందు. యాంటీబయాటిక్ ఒకటి రెండు వారాల్లో ఆగిపోతుంది. స్టెరాయిడ్‌ను మాత్రం మొదటి వారం ఆరుసార్లు, తర్వాత అయిదు, నాలుగు... ఇలా వారవారం తగ్గిస్తూ నెలా నెలన్నర వాడిస్తారు. కన్ను తెల్లబడిందని మధ్యలో ఆపేస్తే లోపలి వాపు తిరగబెడుతుంది. మూడోది రెటీనా (కంటి వెనక పొర) మధ్యభాగంలో నీరు చేరకుండా చూస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకు దీని అవసరం మరీ ఎక్కువ.

ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ పాలలా తెల్లగా, నెపాఫెనాక్ లేత పసుపుగా మసకగా ఉంటాయి. మందు పొడి నీటిలో తేలుతూ ఉండి, కదపకపోతే అడుగున పేరుకుంటుంది. ఊపకుండా వేస్తే మొదటి రోజుల్లో దాదాపు ఉత్త నీళ్ళు, చివరి రోజుల్లో చిక్కటి మందు పడతాయి. ప్రతిసారీ పది పదిహేనుసార్లు బాగా ఊపాలి. పలచటి మందు ముందు, ఊపి వేసేవి తర్వాత, జెల్ ఆపైన, ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికంటే చివర వేయాలి.

చూపు తగ్గడం, నొప్పి పెరగడం, ఎర్రదనం తగ్గాల్సింది పోయి ఎక్కువవడం, రెప్ప ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మర్నాటి దాకా ఆగవద్దు. ఆపరేషన్ చేసిన చోటికి ఆ పూటే వెళ్ళండి. కంటి లోపల ఇన్‌ఫెక్షన్ పడితే గంటలు కూడా లెక్కే.

ప్రశ్న (గుంటూరు రూరల్): వారం కిందట నూర్పిళ్ళలో మా ఆయనకు వరి కంకి కంట్లో గుచ్చుకుంది. షాపులో ఇచ్చిన చుక్కలకు రెండు రోజులు హాయిగానే ఉంది. ఇప్పుడు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనపడుతోంది, వెలుతురు చూడలేకపోతున్నారు. చుక్కలు మార్చాలా?

జవాబు: చుక్కలు మార్చడంతో తీరేది కాదమ్మా. ఈ పత్రిక పక్కన పెట్టి ఈరోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) స్పెషలిస్టు ఉన్న చోటైతే మరీ మంచిది. షాపులో ఇచ్చిన సీసా వెంట పట్టుకెళ్ళండి. వెళ్ళేదాకా అందులోంచి ఇంకో చుక్క కూడా వేయకండి.

కంకి, ఆకు, పుల్ల, మట్టి తగిలాక నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వచ్చిందంటే కార్నియా పుండు అనే అనుమానించాలి. దక్షిణ భారతంలో ఇలాంటి పుండ్లలో దాదాపు సగం దాకా ఫంగస్ వల్ల వచ్చేవే. ఫ్యూజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే బూజులు పంటచేలలోనూ మట్టిలోనూ ఉంటాయి. గీత పడిన చోటునుంచి లోపలికి దిగుతాయి.

మొదటి రెండు రోజుల హాయి ఎక్కడిదంటే, షాపులో ఇచ్చినవాటిలో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ నొప్పినీ ఎర్రదనాన్నీ అణచేస్తుంది. దాంతో పాటు ఫంగస్‌తో పోరాడే ఒంటి శక్తినీ అణచేస్తుంది. పైకి కన్ను తేరుకున్నట్టుంటుంది, కింద బూజు అల్లుకుపోతుంది. పల్లెల్లో చూపు పోగొట్టుకున్న ఎన్నో కళ్ళ వెనక ఈ కలయిక సీసాలే ఉన్నాయి. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారన్నది అందరికీ తెలిసిందే.

లేబుల్ మీద ఇలా చూసుకోండి. మందు పేరు చివర "సోన్" గానీ "లోన్" గానీ ఉంటే స్టెరాయిడే: డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్. లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్ కూడా ఆ కోవలోవే. బ్రాండ్ పేరు వెనక "డి" అనో "డిఎం" అనో తోక ఉంటే తరచు అది డెక్సామెథసోన్.

ఆస్పత్రిలో ఏం చేస్తారంటే, మత్తుచుక్క వేసి పుండు అంచునుంచి కాస్త గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఫంగస్ పోగులు కొద్ది నిమిషాల్లోనే కనపడవచ్చు. ఫంగస్ అయితే మొదటి మందు నాటమైసిన్ 5 శాతం చుక్కలు. దీన్నీ ఊపాలి. మొదటి రెండు రోజులు మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటకూ, కొందరికి రాత్రి కూడా, వేయాలి. తర్వాత మెల్లగా తగ్గిస్తారు. రెండు మూడు వారాలకు తక్కువ కాదు, ఎక్కువే పట్టవచ్చు. రెప్పల అంచున తెల్లగా పేరుకునేది మందే, చీము కాదు. వోరికొనజోల్ 1 శాతం కొత్తది, ఖరీదైనది కదా, అదెందుకు ముందు ఇవ్వరని కొందరు అడుగుతుంటారు. అరవింద్ కంటి ఆస్పత్రుల్లో జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో నాటమైసినే మెరుగని తేలింది, ముఖ్యంగా ఫ్యూజేరియం మీద. పుండు లోతుగా ఉంటే రెండోదాన్ని జోడిస్తారు. బ్యాక్టీరియా పుండైతే దారి వేరు: మాక్సిఫ్లాక్సాసిన్, లేదా ఆస్పత్రిలోనే గాఢంగా కలిపి ఇచ్చే సెఫజోలిన్, టోబ్రామైసిన్.

ఇంకో హెచ్చరిక. నొప్పి ఓర్చుకోలేకపోతున్నారని ఎవరైనా ప్రొపరకైన్ మత్తుచుక్కల సీసా ఇంటికిస్తే తీసుకోకండి. పరీక్ష గదిలో ఒకటి రెండు చుక్కలకు ఇబ్బంది లేదు. ఇంట్లో పదేపదే వేస్తే పై పొర మానదు, పుండు ముదురుతుంది.

ప్రశ్న (మిర్చి యార్డు దగ్గరి నుంచి): ఘాటుకు కళ్ళు మండిపోతుంటాయి. ఏ చుక్కలు దగ్గర పెట్టుకోవాలి?

జవాబు: నీళ్ళు. మిరప పొడి కంట్లో పడితే నలపకుండా, కుళాయి కింద రెప్పలు విప్పి పట్టుకుని పదిహేను నిమిషాలు ధారగా కడగాలి. ఆ ఘాటు నీటిలో కరిగే రకం కాదు కాబట్టి కడిగాక కూడా కాసేపు మంట ఉంటుంది, భయపడక్కర్లేదు. ఆపైన కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం లాంటి కన్నీటి చుక్కలు వేసుకుంటే ఊరటగా ఉంటుంది. మర్నాటికీ గరగర తగ్గకపోయినా, చూపు మసకగా ఉన్నా చూపించుకోండి. పని చేసేటప్పుడు పక్కలు కూడా మూసి ఉండే కళ్ళద్దాలు పెట్టుకోవడం వీటన్నిటికంటే మేలు.

సున్నం పడితే మాత్రం లెక్క వేరు. కిళ్ళీ సున్నం ప్యాకెట్ నొక్కి కళ్ళలో చిమ్ముకునే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. సున్నం క్షారం, నిమిషాల్లో కార్నియాను కాల్చేస్తుంది. అక్కడికక్కడే అరగంట కడిగి, కంటికి అంటుకున్న ముక్కలను తడిగుడ్డ కొసతో తీసేసి, తర్వాతే ఆటో ఎక్కాలి. ముందు ఆస్పత్రికి పరుగెత్తి అక్కడ కడిగించుకోవచ్చనుకుంటే ఆలస్యమవుతుంది.

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు): మా బాబుకు ఎనిమిదేళ్ళు. ప్రతి వేసవికీ కళ్ళు నలుపుకుంటూనే ఉంటాడు, తీగల్లా పుసులు వస్తాయి. రెండేళ్ళ కిందట రాసిన చుక్కలు అద్భుతంగా పనిచేశాయి. అప్పటినుంచీ అవసరమైనప్పుడల్లా అవే కొంటున్నాం. ఇబ్బంది లేదు కదా?

జవాబు: సీసా మీద పేరు రాయలేదు మీరు. దురద ఒక్క రోజులో అద్భుతంగా తగ్గిందంటే స్టెరాయిడ్ అయ్యే అవకాశముంది. పైన చెప్పిన పేర్లతో పోల్చి చూడండి. అదే అయితే సొంతంగా కొనడం ఇంతటితో ఆపి, ఈ వారంలోనే బాబుకు కంటి ప్రెషర్, కంటి నరం పరీక్ష చేయించండి.

బాబుకున్నది వర్నల్ అనే ఎలర్జీలా ఉంది. ఎండలూ దుమ్మూ ఉండే మన ప్రాంతంలో మగపిల్లల్లో ఎక్కువ, యుక్తవయసు దాటేసరికి చాలామందికి తగ్గిపోతుంది. తగ్గిపోయే జబ్బుకు మందు వేసి, తిరిగిరాని చూపు పోగొట్టుకోవడమే ఇక్కడి విషాదం. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడితే కొందరిలో కంటి ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండేది 30, 40 దాటవచ్చు. పెరుగుదల నిదానమైనది కాబట్టి నొప్పి ఉండదు. పిల్లవాడు బోర్డు కనపడటం లేదనేసరికి నరం చాలా దెబ్బతిని ఉంటుంది. శుక్లం కూడా చిన్నతనంలోనే రావచ్చు.

ఈ ఎలర్జీకి పునాది మందులు వేరు. ఓలోపటడిన్ 0.1 శాతం రోజుకు రెండుసార్లు, 0.2 శాతమైతే ఒక్కసారి. ఇది నిమిషాల్లోనే దురద తగ్గిస్తుంది, నెలల తరబడి వాడుకోవచ్చు. సోడియం క్రోమోగ్లైకేట్ 2 శాతం రోజుకు నాలుగుసార్లు. ఇది పట్టు చూపడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకని దురద మొదలయ్యాక కాకుండా, శివరాత్రి వెళ్ళగానే డాక్టరును అడిగి మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. జబ్బు గట్టిగా ఉంటే సైక్లోస్పోరిన్ చుక్కలు, టాక్రోలిమస్ 0.03 శాతం ఆయింట్‌మెంట్ ఇస్తారు. ఇవి ప్రెషర్ పెంచవు, కాకపోతే మొదట్లో కాస్త మండుతాయి. స్టెరాయిడ్ కూడా కావలసి రావచ్చు, అది శత్రువేమీ కాదు. బాగా ఉద్రేకించినప్పుడు తక్కువ రోజులకు, ప్రెషర్ చూస్తూ డాక్టరు ఇస్తే పుండ్లు పడకుండా కాపాడేదీ అదే. చన్నీటి గుడ్డ, బయటికెళ్ళేటప్పుడు టోపీ, కళ్ళద్దాలు సగం పని చేస్తాయి. నలపడం మాన్పించండి: ఏళ్ళ తరబడి నలిపితే కార్నియా శంకువులా ముందుకు సాగే ప్రమాదముంది.

ప్రశ్న (భవానీపురం, విజయవాడ): నాన్నగారికి నీటికాసులు. ఉదయం, సాయంత్రం టిమోలోల్, రాత్రి లాటనోప్రోస్ట్ వాడుతున్నారు. నెల రోజులుగా ఆయాసం, పిల్లికూతలు. వయసు వల్ల అనుకుంటున్నాం. లాటనోప్రోస్ట్ ఫ్రిజ్‌లోనే పెట్టాలా? కరెంటు పోతే?

జవాబు: వయసు మీదికి నెట్టేయకండి. టిమోలోల్ చుక్క కంట్లో పడి, ముక్కులోకి జారి, అక్కడి పొరల్లోంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రలా ముందుగా లివర్ గుండా పోదు. ఊపిరితిత్తుల గొట్టాలను బిగిస్తుంది, గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకూ, నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకూ, హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్ళకూ ఇది ఇవ్వకూడదు. పిల్లికూతలు వస్తున్నాయంటే తర్వాతి చుక్క వేయకుండా ఈరోజే కంటి డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయాసం ఎక్కువగా ఉంటే ముందు ఆస్పత్రికి. లాటనోప్రోస్ట్ మాత్రం ఆపకండి. టిమోలోల్‌కు బదులు డోర్జోలమైడ్, బ్రింజోలమైడ్, బ్రిమోనిడిన్ లాంటివి ఉన్నాయి. ఒకటే జాగ్రత్త: ఇవి టిమోలోల్‌తో కలిపి ఒకే సీసాలోనూ దొరుకుతాయి. అందుకని కొత్త సీసా వెనకవైపు చిన్న అక్షరాలు కూడా చదవండి. గుండె డాక్టరుకూ, ఛాతీ డాక్టరుకూ కంటి చుక్కల సంగతి చెప్పడం చాలామంది మరిచిపోతారు. అవీ మందులే.

నీటికాసుల చుక్కలు వేశాక ముక్కువైపు కంటికొలికిని వేలికొసతో రెండు నిమిషాలు నొక్కి ఉంచితే రక్తంలోకి చేరేది బాగా తగ్గుతుంది, కంట్లో మందూ ఎక్కువసేపు నిలుస్తుంది.

లాటనోప్రోస్ట్ తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. తెరిచాక 25 డిగ్రీల లోపు బయట పెట్టుకోవచ్చని లేబుల్ మీద ఉంటుంది. మే నెలలో విజయవాడ ఇంట్లో 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? తెరిచాక కూడా ఫ్రిజ్ తలుపు అరలోనే పెట్టండి. రెండు మూడు గంటలు కరెంటు పోయినంత మాత్రాన మందు పాడవదు, తలుపు మాటిమాటికీ తీయకుండా ఉంటే చాలు. ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో వదిలేస్తే మాత్రం ఆ సీసాను నమ్మలేం. గది వేడిలో నిలవ ఉండే రకాలు కూడా ఉన్నాయి, అడగండి. రోజుకు ఒక్కసారే వేయాలి. ఎక్కువసార్లు వేస్తే పని తగ్గుతుంది. కనురెప్పల వెంట్రుకలు పొడవవడం, రెప్ప చర్మం నల్లబడటం దీని గుణమే. 2.5 మిల్లీలీటర్లలో సుమారు 80 చుక్కలుంటాయి, రెండు కళ్ళకు నెల గడుస్తుంది. నెలకు ఒకటి కొనాల్సిన చోట రెండు నెలలకు ఒకటి కొంటున్నారంటే ఆయన మరిచిపోతున్నట్టే.

ప్రశ్న (లబ్బీపేట, విజయవాడ): కళ్ళ పరీక్షకు చుక్కలు వేశాక స్కూటర్ నడుపుకుంటూ రావచ్చా?

జవాబు: రాకూడదు. ట్రోపికమైడ్, ఫినైలెఫ్రిన్ కలిసిన ఆ చుక్కలు కంటిపాపను నాలుగు నుంచి ఆరు గంటల పాటు విప్పి ఉంచుతాయి. ఎండ కొట్టినా, రాత్రి ఎదురు బండి లైటు పడినా ఏమీ కనపడదు. తోడు తీసుకెళ్ళండి, చలువ కళ్ళద్దాలు పెట్టుకోండి. బీపీ, గుండె జబ్బు ఉంటే ముందే చెప్పండి. సాయంత్రానికి కన్ను తీవ్రంగా నొప్పి పెట్టి, తలనొప్పి, వాంతులు వస్తే తిరిగి వెళ్ళాలి. పిల్లలకు వేసే అట్రోపిన్ 1 శాతం ప్రభావం వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు కూడా ఉంటుంది. దానికి ముఖం ఎర్రబడి ఒళ్ళు వేడెక్కితే ఆపి డాక్టరుకు చెప్పాలి.

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు): కళ్ళ కలకకు నందివర్ధనం మంచిదంటారు. తల్లిపాలు కూడా. ఇంట్లో నలుగురికీ ఒకే సీసా వాడవచ్చా?

జవాబు: నందివర్ధనం పూలు కడిగి, మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకుంటే మాకేమీ అభ్యంతరం లేదు. ఆకు రసం, తుంచితే కారే పాలు కంట్లో పోయకూడదు. జిల్లేడు పాలు మరీ ప్రమాదం: కార్నియా లోపలి పొరను దెబ్బతీస్తాయి, కొన్నిసార్లు నొప్పి కూడా లేకుండా చూపు మసకబారుతుంది. తల్లిపాలు, తేనె, ఆముదం ఏవీ శుభ్రం చేసిన మందులు కావు.

2023 వానాకాలంలో ఊరూరా వచ్చినట్టు గుంపుగా వచ్చే కలక చాలాసార్లు వైరస్‌దే. యాంటీబయాటిక్ చుక్కలకు అది చావదు. వారం నుంచి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కన్నీటి చుక్కలు, చన్నీటి గుడ్డ చాలు. పుసులు చిక్కగా పచ్చగా ఉంటే బ్యాక్టీరియా అనుకుని డాక్టరు యాంటీబయాటిక్ ఇస్తారు. నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా అది ఉత్త కలక కాదు. కలక చూపు వల్ల అంటదు, చేతుల వల్ల, తువ్వాళ్ళ వల్ల, మీరడిగిన ఆ ఉమ్మడి సీసా వల్ల అంటుతుంది. నలుగురికీ నాలుగు సీసాలు.

ప్రశ్న (గొల్లపూడి): కంప్యూటర్ పని. రోజుకు ఎనిమిది, పదిసార్లు కన్నీటి చుక్కలు వేసుకుంటున్నాను. తెరిచిన సీసా ఎన్నాళ్ళు వాడవచ్చు?

జవాబు: చాలా సీసాలకు తెరిచాక ఒక నెల. ఎక్స్‌పైరీ తేదీ మూత తీయని సీసాకే వర్తిస్తుంది. మూత తీసిన రోజే లేబుల్ మీద పెన్నుతో తేదీ రాసుకోండి. రంగు మారినా, నలకలు తేలినా పారేయండి.

రోజుకు నాలుగైదుసార్లకు మించి వేస్తుంటే ప్రిజర్వేటివ్ లేని రకానికి మారండి. సీసా చెడకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఎక్కువసార్లు పడితే కంటి పై పొరనే ఒరుస్తుంది, పొడిదనం పెరుగుతుంది, మీరు ఇంకోసారి వేసుకుంటారు. ప్రిజర్వేటివ్ లేనివి చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తాయి. తెరిచినది మూత పెట్టి మర్నాటికి దాచుకోకూడదు. లేబుల్ మీద ఎన్ని గంటలని ఉంటే అంతవరకే. 2023లో అమెరికాలో ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కల సీసాలు కలుషితమై, సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా వల్ల కొందరి చూపు పోయింది. శుభ్రత తప్పితే మంచి మందు కూడా అంత పని చేస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటే ప్రిజర్వేటివ్ ఉన్న చుక్కలు వేసి పదిహేను నిమిషాలు ఆగి పెట్టుకోండి.

కళ్ళు తెల్లగా కనపడాలని నాఫజోలిన్ ఉన్న చుక్కలు మాత్రం రోజూ వేసుకోకండి. అవి రక్తనాళాలను కాసేపు బిగిస్తాయి, ప్రభావం తగ్గగానే ఆ నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. ఎనిమిది, పదిసార్లు వేసినా ఊరట లేదంటే మీకు కావలసింది ఇంకో సీసా కాకపోవచ్చు. రెప్పల అంచు నూనె గ్రంథులు మూసుకుపోయాయేమో, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగులుతోందేమో చూడాలి. గ్రంథులకైతే గోరువెచ్చని గుడ్డ కాపడం అయిదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు, ఒక నెల చేసి చూడండి.